అలీసాగర్ గుట్టమీద ఒక దినము

ధ్యాన వాక్యభాగము: మార్కు సువార్త 6వ అధ్యాయము, 30 నుండి 46 వరకు



ఈ సంవత్సరము కూడ కోతపండుగ ముగిసిన పిమ్మట మన కోటగిరి స్త్రీల సమాజమువారు అలీసాగరుకు పోవుదమని అడుగుచున్నారు. వెంటనే నాకు కొన్నియేండ్ల క్రిందటి ఒక దినము జ్ఞాపకమునకు వచ్చినది. ఆ దినమున మనతో వచ్చినవారు అనేకులు ఇప్పటికిని సంఘములో ఉన్నారు. రానివారి కొరకును, ఆనాడు చిన్నపిల్లలై జింకలను మాత్రమే చూచినవారి కొరకును ఈ సంగతి వ్రాయుచున్నాను. ఇందులో మొదటి తప్పు నాదే గనుక వ్రాయుటకు నాకు అధికారము కూడ కలదు.

అప్పుడు వారు అడిగినప్పుడు నేను ఒప్పుకొనలేదు. "డీసీఎం బండి కిరాయి, వంట సరుకులు, లోపలికి టిక్కెట్టు, ఇవన్నియు లెక్కవేయుడి. ఆ సొమ్ముతో గుడి వెనుక గోడకు సున్నము వేయవచ్చును" అంటిని. పెద్దలు తలలూపిరి. ఇంటికి వచ్చిన తరువాత నా భార్య అన్నము వడ్డించుచు, "గోడకు సున్నము వేయించండి, మంచిదే. మీరు మాతో కూర్చుండి తిన్నది ఎన్నడో చెప్పండి" అనెను. నేను ఆలోచించితిని. క్రిస్మసునాడు కాదు, ఆ దినము నాలుగు గ్రామములలో ఆరాధనలు. అంతకు ముందు ఆదివారమును కాదు. చెప్పలేకపోతిని.

మార్కు వ్రాసిన ఈ భాగములో శిష్యుల స్థితి సరిగా అట్టిదే. ప్రభువు పంపగా వారు ఇద్దరిద్దరుగా ఊళ్ళు తిరిగి, చేసిన పనులు చెప్పుకొనుటకు ఆయనయొద్దకు చేరిరి. వచ్చువారు పోవువారు ఎంతమందియనగా, వారికి భోజనము చేయుటకైనను సందు దొరకలేదని మార్కు వ్రాయుచున్నాడు. బాప్తిస్మమిచ్చు యోహాను చంపబడిన వార్తయు ఆ దినములలోనే వచ్చినది. దేహము అలసినది, హృదయము అంతకంటె అలసినది. అప్పుడు ప్రభువు వారికి ఇంకొక పని చెప్పలేదు. జనము లేని చోటికి పోయి కొంచెము సేద తీర్చుకొనుడని పిలిచెను. సేవకులను పనికి పంపినవాడే విశ్రాంతికిని పిలుచుచున్నాడు. మొదటి పిలుపును వినినంత శ్రద్ధగా రెండవదానిని మనము వినము. పని చేయకపోతే సిగ్గుపడుదుము గాని, విశ్రమింపకపోతే గర్వపడుదుము. నేనును అట్లే గర్వపడితిని. చివరకు సరే అంటిని.

జనవరి మాసము. తెల్లవారకముందే బండి బయలుదేరినది. రుద్రూరు దాటి బోధను చేరువరకు మంచు విడువలేదు. శక్కర్‌నగరులో ఫ్యాక్టరీ గొట్టములు కనబడగానే పిల్లలు లేచి చూచిరి. 1937లో స్థాపింపబడి, ఒకప్పుడు ఆసియా ఖండమంతటిలో పెద్దదని పేరుపొందిన ఆ నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడినది. చెరకు గడల బండ్లతో నిండియుండిన ఆ రోడ్డు ఖాళీగా ఉన్నది. మా ప్రాంతమున చెరకు వేసినవారు అనేకులు వరికి మరలిరి. వరి నీరు ఎక్కువగా కోరు పైరు. ఈ మాట జ్ఞాపకముంచుకొనుడి.

అలీసాగరు నిజామాబాదు పట్టణమునకు సుమారు 10 కిలోమీటర్ల దూరములో, బాసరకు పోవు రోడ్డునుండి కొంచెము లోపలికి ఉన్నది. 1930వ సంవత్సర ప్రాంతమున, కడపటి నిజాము పాలనలో కట్టిన జలాశయమిది. చుట్టు చిన్న చిన్న గుట్టలు, నడుమ నీరు, నీటి నడుమ ఒక దీవి, ఒడ్డున పూలతోట, జింకల వనము, గుట్టమీద పాత విడిది గృహము. పట్టణమువారు సెలవు దినమున పిల్లలను తీసికొని అక్కడికి వత్తురు. హైదరాబాదులో ఉద్యోగము చేయుచు పండుగకు వచ్చిన మన యౌవనస్థుడొకడు, జూబిలీహిల్సులోని గుట్టల నడుమ కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ వనము ఉన్నదనియు, 1998లో దానికి ఆ హోదా ఇచ్చిరనియు, తెల్లవారుజామున అక్కడ నడచువారు వందలు ఉందురనియు, అయినను ఇక్కడివలె గుట్ట క్రింద ఇంత నీరు అక్కడ లేదనియు చెప్పెను. ఉన్న ఊరిని మెచ్చుకొన్న యౌవనస్థుని చూచి నాకు సంతోషమైనది.

చెట్టు నీడ ఒకటి చూచుకొని చాపలు పరచి, సద్ది మూటలు అక్కడ పెట్టి, అందరము గుట్ట యెక్కితిమి. మన సంఘములోని ఒక అవ్వ, అప్పటికి డెబ్బది దాటినది, "నేను క్రిందనే ఉంటా" అనక, కర్ర పట్టుకొని ఒక్కొక్క రాయి లెక్కపెట్టుకొనుచు ఎక్కెను. ఆ గుండ్లరాళ్ళ వయస్సు ఎంతయో తెలియునా? దక్కను దేశపు ఈ నల్లరాతి గుట్టలు సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటివని భూవిజ్ఞానులు చెప్పుదురు. వాటిమీద కూర్చుండి అవ్వ నీటివైపు చాలసేపు చూచెను. తన యౌవనమునుండి మొన్నమొన్నటి వరకు నాట్లు వేసిన స్త్రీ. నడుము వంచి నీటిలో నిలుచుటే గాని, నీటిని దూరమునుండి ఎన్నడు చూచినది కాదు.

"అయ్యగారూ, ఈ నీళ్ళు ఏడికెల్లి వచ్చినయి?" అని అడిగెను.

"మంజీరనుండి అవ్వా. నిజాంసాగరు కాలువలో. మన దిక్కునుండియే వచ్చును" అంటిని.

"అయితే మన ఊరి దగ్గర పోయే నీళ్ళేనా ఇవి? మన తాన ఆగకుండ ఈడ దాక వస్తయా?"

ఆ ప్రశ్నకు నేను నవ్వితిని. అది ఎంత బరువైన ప్రశ్నయో నాకప్పుడు తెలియలేదు.

కాలువ సంగతి తెలియని చిన్నవారికి కొంచెము చెప్పవలెను. మంజీర నదికి అడ్డముగా నిజాంసాగరు ఆనకట్టను 1923లో మొదలుపెట్టి 1931లో ముగించిరి. దాని నీటి కొరకు 40 గ్రామములవారు తమ ఇండ్లు విడిచి లేచిపోయిరి. మనము తినుచున్న ప్రతి ముద్ద క్రింద వారి ఊళ్ళున్నవి. ఆ మాట మన కృతజ్ఞతా ప్రార్థనలలో నేను వినలేదు. అక్కడనుండి ప్రధాన కాలువ బాన్సువాడ, వర్ని, బోధను ప్రాంతములను తడుపుచు వచ్చి, ఈ అలీసాగరులో కొంచెము నిలిచి, ఇక్కడినుండి దిగువ పొలములకు పోవును. నీరు అవసరము లేనప్పుడు నిలుపుకొని, అవసరమైనప్పుడు విడుచుటకే ఈ జలాశయము. విశ్రాంతియు అట్టిదే గదా అని నేను గుట్టమీద కూర్చుండి ఒక ప్రసంగము మనస్సులో అల్లుకొంటిని. ఎడతెగక పారు కాలువకు లోతు ఉండదు, నిలిచిన నీటికే లోతు ఉండును అని ఆరంభము కూడ కుదిరినది.

ఆ ప్రసంగములో పూడికను గూర్చియు ఒక భాగముండెను. నిజాంసాగరు కట్టిననాడు దానిలో దాదాపు 30 టీఎంసీల నీరు పట్టెడిది. ఏటేట వచ్చిన ఒండ్రు క్రింద పేరుకొని 1970ల నాటికి అది 12కు దిగినది. గేట్ల ఎత్తు పెంచి దానిని 18 వరకు తెచ్చిరి. పైనుండి చూచువారికి నీటి మట్టము నిండుగానే కనబడును. క్రింద ఎంత మట్టి ఉన్నదో నీరు చెప్పదు. దొంగతనము, వ్యభిచారము వంటి పెద్ద బండలు ఎవరో ఒకరి జీవితములోనే పడును. దినమునకు ఒక పిడికెడు ఒండ్రు మాత్రము అందరి హృదయములలోనికిని వచ్చును. ఈ పోలిక నాకు చాల నచ్చినది. వచ్చే ఆదివారమునకు సిద్ధమైతినని తలంచుచు గుట్ట దిగితిని.

దిగి చూడగా మన చాపలమీద వేరొకరు కూర్చుండి యున్నారు.

ఒక ముసలాయన, ఆయన కుమారుడు, కోడలు, ఇద్దరు పిల్లలు. నిజముగా చాపమీద కాదు, చాప అంచున, నీడ ఉన్నంతమేర సర్దుకొని కూర్చుండిరి. పిల్లలు మన పులిహోర గిన్నెవైపు చూచుచుండిరి. నాకు కోపము వచ్చినది. తెల్లవారకముందు లేచి వచ్చి పట్టుకొన్న నీడ. వారితో ఒక మాటయైనను ఆడక, అటు పోవుచున్న తోట కావలివానిని పిలిచి, "వీరికి ఇంకొక చోటు చూపించండి, ఇక్కడ మా సంఘము భోజనమునకు కూర్చుండవలెను" అంటిని. ఆ కోడలు వెంటనే లేచి పిల్లల చెప్పులు వెదకసాగెను.

అవ్వ అప్పుడే కర్ర పట్టుకొని దిగి వచ్చినది. "ఏడికి పోతరు బిడ్డా, కూసోండ్రి. ఈ చెట్టు అయ్యగారు పెట్టిండా?" అనెను. యౌవనస్థులు నవ్విరి. నేనును నవ్వవలసి వచ్చినది. అందరము కలిసి కూర్చుంటిమి. జొన్నరొట్టెలు, వంకాయ కూర, పులిహోర, పెరుగన్నము. ప్రార్థన చేసితిని, కాని ఆ ప్రార్థన నా నాలుకమీదనుండియే పోయినది.

భోజనము మధ్య ముసలాయన అడిగెను, "మీదే ఊరు?"

"కోటగిరి" అంటిమి.

"ఓహో, పైనోళ్ళు" అని ఆయన చిరునవ్వు నవ్వెను. తాము మాక్లూరు వైపువారమనియు, తమ పొలము అలీసాగరు క్రింద ఒక పిల్లకాలువకు కట్టకడపట ఉన్నదనియు చెప్పెను. ఆ సంవత్సరము వానలు తక్కువ. గోదావరి నీటిని కోస్లీయొద్దనుండి ఎత్తిపోసి ఈ కాలువ కడపటి పొలములకు సాయము చేయుదురు గాని, ఆ ఏడు గోదావరియే సన్నగిల్లినది. మంజీర నీరు పైననే అయిపోయినది. "పొట్టకొచ్చిన వరి అయ్యా. పది దినాలు నీళ్ళుంటే గింజ పట్టేది. ఆఖరుకు పశువులను తోలినం" అనెను. కోపము లేదు, నింద లేదు. వాన కురిసినది, కురియలేదు అని చెప్పినట్లు చెప్పి, రొట్టె తుంచుకొని తినెను. ఆయన మనుమడు ఇంకొంచెము పులిహోర కావలెనని చేయి చాపెను.

మనలో ఎవరును మాటాడలేదు. ఎందుకో మీలో పెద్దవారికి తెలియును.

ఆ వానకాలము మన కాలువమీద నీటి వంతులు పెట్టిరి. వంతు కాని రాత్రులలో మన వైపు తూము పలక ఎవరో ఎత్తుచుండిరి. ఎవరో అని వ్రాయుచున్నాను గాని, ఆ సహోదరుడు నాకు మూడు మూరల దూరములో కూర్చుండి అన్నము కలుపుచు ఆగిపోయెను. అతడు తన పొలము కొరకు మాత్రమే ఎత్తలేదు. ఆ తూము క్రిందనే మన సంఘపు రెండెకరములున్నవి. అవి ఎండకుండ పండినవి. ఆ పంటలోనుండి కోతపండుగనాడు ఆరు బస్తాల వడ్లు బల్లయెదుట పెట్టితిమి. కరవు సంవత్సరములో దేవుడు మనకు ఇచ్చిన సమృద్ధి అని నేను ప్రసంగించితిని. ఆ రాత్రుల సంగతి నాకు తెలియదా? అడిగినయెడల తెలిసియుండును. అడిగినయెడల తెలియునని నాకు తెలియును గనుకనే అడుగలేదు. ప్రియులారా, గుట్టమీద నేను పూడికను గూర్చి అంత చక్కగా అల్లుకొన్న ప్రసంగము అప్పుడు ఎక్కడికి పోయినదో చెప్పలేను.

ఇప్పుడు మార్కు వ్రాసినదానిని మరల చదువుడి. విశ్రాంతి కొరకు పడవయెక్కి అరణ్య ప్రదేశమునకు పోయిన శిష్యులకు అక్కడ ఏమి ఎదురైనది? జనము. వారికంటె ముందుగా కాలినడకను పరుగెత్తి వచ్చి ఒడ్డున నిలిచియున్నారు. శిష్యుల నీడలో వేరొకరు కూర్చుండినట్టే. ప్రభువు వారిని చూచి కనికరపడి బోధింపసాగెను. ప్రొద్దు వాలినప్పుడు శిష్యులు వచ్చి, వీరిని పంపివేయుము, చుట్టుపట్ల ఊళ్ళలో కొనుక్కొని తిందురు అనిరి. మర్యాదగల మాటయే. నేను కావలివానితో చెప్పిన మాటకూడ మర్యాదగలదే. ప్రభువు మాత్రము వారి భోజనపు భారమును తిరిగి శిష్యులమీదనే పెట్టెను. వారు వెంటనే లెక్కవేసిరి, 200 దేనారములు కావలెనని. దేనారమనగా ఒక కూలివాని దినకూలి. గోడకు సున్నము లెక్క వేసిన నాకు ఈ లెక్క కొత్తది కాదు. మీయొద్ద ఎన్ని రొట్టెలున్నవో పోయి చూడుడని ఆయన పంపెను. లేనిదానిని లెక్కించువారిచేత ఆయన ఉన్నదానిని లెక్కింపజేసెను.

ఇంకొక చిన్న సంగతి. ఆ జనమును పచ్చికమీద కూర్చుండబెట్టెనని చెప్పునప్పుడు, అది పచ్చని పచ్చికయని ప్రత్యేకముగా వ్రాసినవాడు మార్కు ఒక్కడే. పస్కా దగ్గరపడినదని యోహాను చెప్పుచున్నాడు. ఆ దేశములో చలికాలపు వానలు కురిసిన తరువాత కొద్ది వారములే కొండ ప్రక్కలు పచ్చగా ఉండును. ఎండలు ముదిరిన తోడనే అంతయు గోధుమవన్నె. ఆ కొద్ది వారములలో ఒక సాయంకాలము, 5,000 మంది పురుషులు నూరేసి మందిగాను ఏబదేసి మందిగాను వరుసలు తీరి కూర్చుండిరి. ముందువచ్చినవారు, వెనుకవచ్చినవారు అను భేదము లేదు. పై వరుసలోనివారు తినివేసినందున కడపటి వరుసకు రొట్టె చేరలేదని ఎక్కడను వ్రాయబడలేదు. ఆ కడపటి వరుస దాటిన తరువాతనే 12 గంపలు మిగిలినవి. ఇన్ని సంవత్సరములు ఈ అద్భుతమును గూర్చి బోధించితిని గాని, కడపటి వరుసలో కూర్చుండినవాడు ఎట్లు చూచుచుండెనో, ముందువారి చేతులవైపు ఎట్లు చూచుచుండెనో నేను ఒక్కసారియు ఆలోచింపలేదు.

తిరుగు ప్రయాణములో ఎవరో కీర్తన ఎత్తుకొనగా సగములో ఆగిపోయినది. 121వ కీర్తనలోని యాత్రికుడు కొండలను చూచి, నాకు సహాయము ఎక్కడనుండి అని తన్ను తానే అడుగుకొనెను గదా. చాలమంది దానిని కొండలనుండి సహాయము వచ్చునన్నట్లు చదువుదురు. ఆయన దృష్టి కొండలయొద్ద ఆగలేదు, వాటిని చేసినవానివరకు పోయినది. ఆ కాపరి కునుకడు అని కూడ ఆ కీర్తనలో ఉన్నది. మనకది ఎల్లప్పుడు ఆదరణగల మాట. ఆ రాత్రి బండిలో అది నాకు ఆదరణగా లేదు. నిద్రపోనివాడు రాత్రివేళ తూమును కూడ చూచును.

బోధనులో టీ కొరకు ఆగితిమి. ఆ సహోదరుడు గ్లాసు పట్టుకొని నాయొద్దకు వచ్చి, తగ్గు స్వరముతో, "అయ్యగారూ, ఈసారి కానుక ఎక్కువ వేస్తా. సరిపోతదా?" అని అడిగెను.

సరిపోవునని చెప్పుట ఎంత సులభము! గోడకు సున్నము కూడ వచ్చును. మత్తయి 5వ అధ్యాయములో ప్రభువు చెప్పినది ఇద్దరము ఎరుగుదుము. బలిపీఠమునొద్దకు అర్పణము తెచ్చినవాడు, తనమీద సహోదరునికి ఏదో బాధ ఉన్నదని జ్ఞాపకము చేసికొనినయెడల, అర్పణమును అక్కడనే విడిచి ముందు అతనియొద్దకు పోవలెను. "సరిపోదు. నాకును సరిపోదు. ఇద్దరము పోవలెను" అంటిని.

పెద్దల సభ ఆ వారమే కూడినది. కొందరు, ఆ ముసలాయన పొలము మన తూమువలననే ఎండినదని రుజువేమి, నడుమ ఎన్నో తూములున్నవి అనిరి. అది నిజమే. ఎన్నో తూములున్నవి, ఎన్నో రాత్రులున్నవి. ఆ వాదము మూడు గంటలు సాగినది. చివరకు ఆరు బస్తాలును పంపుదమని తీర్మానమైనది. వాటిలో రెండు అప్పటికే అమ్ముడుపోయినందున, ఆ సహోదరుడు తన గాదెనుండి రెండు తెచ్చి కలిపెను.

ట్రాక్టరుమీద వేసికొని మాక్లూరు వైపు పోతిమి. ఊరు కనుగొనుటకు మధ్యాహ్నమైనది. ముసలాయన వాకిటిలో పగ్గము పేనుచుండెను. మమ్మును గురుతుపట్టి మంచము వాల్చెను. కోడలు నీళ్ళు తెచ్చెను. సహోదరుడు నిలుచుండియే సంగతి అంతయు చెప్పెను, ఏ రాత్రి ఎత్తినది, ఎన్నిసార్లు ఎత్తినది. నేను నా వంతు చెప్పితిని. ఆయన పగ్గము ఆపక వినెను. బస్తాలవైపు ఒకసారి చూచెను.

"వడ్లు ఎన్ని దినాలొస్తయి అయ్యా" అనెను. "దించేది దించండ్రి గాని, మాకు నీళ్ళు రానియ్యుండ్రి."

నాలుగు బస్తాలు దించుకొని, రెండు మా బండిలోనే ఉంచెను. అప్పటి గ్రామ పద్ధతి ప్రకారము వాటిని ఆ కాలువ కొసనున్న ఇంకొక రెండిండ్లకు చేర్చుమనెను. మేము చేర్చి వచ్చితిమి.

ఆ యాసంగిలో నీటి వంతు మారిన రాత్రులలో ఆ సహోదరుడు తూమునొద్ద పండుకొనెను. మొదటి వారము పొరుగు రైతులతో మాటలు పడెను. ఒక రాత్రి ఎవరో అతని లాంతరు పగులగొట్టిరి. రెండవ వారమునుండి యౌవనస్థులు ఇద్దరు తోడు పోసాగిరి. మూడవ వారము నేనును పోయితిని. చలి ఎక్కువగానుండెను. పలక క్రిందనుండి సన్నగా కారు నీటి చప్పుడు తప్ప వేరేమియు వినబడలేదు. ప్రధాన కాలువ చీకటిలో బోధను వైపు పోవుచుండెను.

ఈ జనవరిలో స్త్రీల సమాజమువారు మరల అలీసాగరుకు పోవుదమనుచున్నారు. పోవుదము. చాపలు పెద్దవి తెచ్చుకొనుడి. అవ్వ ఇప్పుడు మనతో లేదు. ఆమె కూర్చుండిన రాయి గుట్టమీద ఎడమ ప్రక్కన ఉన్నది, పిల్లలకు చూపెదను. కిరాయి సొమ్ము వచ్చే ఆదివారములోగా కోశాధికారికి అందజేయవలెను. బయలుదేరు దినమును మాత్రము నీటి వంతుల పట్టిక చూచి నిర్ణయించుదము. ఆ రాత్రి తూమునొద్ద ఉండవలసినవారు మనవారే.